‘సంతానం లేదు’ అన్న చోట

అచ్చయిన మాట కనబడితే ఎలీయాజరుకి చెయ్యి దురద పుడుతుంది. అది తమ వంశావళి అయితే ఒళ్లంతా దురదే.

భీమిలి నుంచి రైల్వే పనికొచ్చి హౌరా చుట్టూ స్థిరపడిన తమ కుటుంబం కథంతా సేకరించి, ఆయన తమ్ముడి కొడుకు ప్రసన్నకుమార్ పుస్తకం వేశాడు. సంత్రాగాఛి చర్చిలో ఆవిష్కరణ. ముగింపు ప్రార్థనకి ముందే పెదనాన్న పెన్ను తీశాడు.

"మీ ముత్తాత పోయింది వానాకాలంలో కాదురా, చలికాలంలో."

"ఆధారమేంటి పెదనాన్నా?"

"పెట్టె మోసిన నా భుజం. దాని మీద మంచు కారింది."

ఇక అక్కణ్ణుంచి ఆయనకి అదే పని. పెళ్లికెళ్తే పెళ్లికొడుకు తాతమ్మ పేరు దిద్దేవాడు. సమాధి దగ్గర పాస్టరు "డెబ్బయ్యేళ్లు జీవించిన మన సహోదరుడు" అనగానే, వెనకనుంచి "అరవై తొమ్మిదే!" అని కేక వేసేవాడు. క్రిస్మసు ముందు ఆదివారం మత్తయి సువార్త చదువుతుంటే లేచి నిలబడ్డాడు.

"యోసేపు తండ్రి యాకోబని ఈయనంటాడు. హేలీ అని లూకా అంటాడు. ఏటి సంగతి?"

"కూర్చోండి, ఎలీయాజరు గారూ."

"కూర్చుంటాను. ఎవరో ఒకరెళ్లి నజరేతులో కనుక్కోండి."

రెండో ముద్రణ వేయక ప్రసన్నకుమార్‌కి తప్పలేదు. పెద్దాయన లోకల్ బళ్లెక్కి షాలిమార్, లిలువా తిరిగాడు. పాత క్వార్టర్ల గుమ్మాల్లో కూర్చుని, వాళ్లిచ్చిన టీ తాగి, చూరునీళ్లు పట్టినట్టు జ్ఞాపకాలు పట్టుకొచ్చేవాడు.

ఒక సాయంత్రం లిలువా నుంచి వచ్చి జేబులోంచి పెన్ను తీయలేదు. ప్రసన్నకుమార్ ఎన్నడూ చూడని వింత అది. పుస్తకం తెరిచి ఒక పంక్తి మీద వేలు పెట్టాడు: ‘సామ్యేలు, రోజమ్మ దంపతులకు సంతానం లేదు.’

"ఇది నీకెవరు సెప్పార్రా?"

"అందరికీ తెలిసిందేగా."

"ఆడపిల్ల పుట్టింది. పక్క క్వార్టరు సన్యాసమ్మ పుట్టగానే చేతుల్లోకి ఎత్తుకుందట, ఇయ్యాల ఆవిడే సెప్పింది. బాప్తిస్మం ఇచ్చేలోపే పోయింది. అప్పటికి వాళ్లిద్దరే ఇక్కడ, మిగతా మనవాళ్లంతా భీమిల్లోనే ఉన్నారు, ఎవరికీ సెప్పనేదు. వర్క్‌షాపు చెక్కముక్కలతో మా అన్న సామ్యేలే చిన్న పెట్టె చేశాడట."

ప్రసన్నకుమార్‌కి ఆవిష్కరణ రోజు గుర్తొచ్చింది. రోజమ్మ పెద్దమ్మ ఆ పుట దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత పుస్తకం మెల్లగా మూసి, "బాగుంది నాయనా" అంది.

మర్నాడు ఇద్దరూ సామ్యేలు పోయాక షాలిమార్ యార్డు పక్కన రోజమ్మ ఒంటరిగా ఉంటున్న గదికి వెళ్లారు.

"వదినా, పిల్ల పేరు సెప్పు. రాయాల."

కిటికీ అవతల గూడ్సుబండి పోతూనే ఉంది. ఆవిడ లేచి కిటికీ రెక్క మూసింది.

"పేరు పెట్టనేదు బాబూ. చర్చిలో పెడదామనుకున్నాం."

"అయితే ఇప్పుడు పెట్టు."

ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. గోడకే చెప్పినట్టు, "మేరీరాణి" అంది.

మేరీరాణి ప్రెస్సుకెళ్లింది. మర్నాడు ఫోను.

"బాబూ, మేరీరాణి మరీ పాతగుంది. రెజీనా అని రాయి."

రెజీనా వెళ్లింది. మళ్లీ ఫోను.

"కారుణ్య అయితే ఏటంటావు? ఇప్పటి పిల్లలకి అలాగే పెడతన్నారు."

ఇన్నేళ్లూ ఎవరూ అడగని తల్లి గుండెలో పేర్లు ఊటలా ఊరుతున్నాయి. ప్రతిసారీ ఎలీయాజరు గొడుగేసుకుని ప్రెస్సుకి పరిగెత్తాడు. ప్రెస్సు యజమాని తల పట్టుకుని బెంగాలీలో మొరపెట్టుకున్నాడు.

"ఆబార్ భుల్, దాదా? మళ్లీ తప్పా? ఈసారి ఎవరిది?"

లోకంలో ఎవరి తప్పూ వదలని మనిషి, తనదంటూ ఒక్క తప్పూ ఒప్పుకోని మనిషి, తల దించుకుని బెంగాలీలోనే జవాబిచ్చాడు.

"నాదే. సరిగ్గా వినలేదు. చెవులు పోయాయి."

"నీ చెవులకేం పెదనాన్నా, ఆవిడే కదా రోజుకో..." అనబోయాడు ప్రసన్నకుమార్.

"నోర్ముయ్. మార్చుకోనీ. పిల్ల పుట్టినప్పుడు ఇంట్లో అందరూ చేసేదే. ఆవిడకి ఇప్పుడు కుదిరింది."

పెదనాన్న, కొడుకూ తెలుగులో అనుకున్నది ప్రెస్సాయనకి ముక్క అర్థం కాలేదు. అయినా ఆ ముఖం చూసి, మిషను ఆపి, పెద్దాయనకి కుర్చీ జరిపాడు.

అంతలో ఫోను మోగింది.

"సెప్పు వదినా," అన్నాడు ఎలీయాజరు కూర్చుంటూ. "ప్రెస్సులోనే ఉన్నాను. తొందరేం లేదు."