అరంగుళం ప్యాంటులో అయిదు కుట్లు

ఆ దర్జీ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తు లేదు. అందరికీ అతను అరంగుళం. ఏ బట్ట కుట్టినా లోపల ఓ అరంగుళం గుడ్డ అదనంగా వదిలి, "ఉండనివ్వండి, రేపు మీరు ఒళ్ళు చేస్తే విప్పుకోవచ్చు" అనేవాడు. బక్కగా ఉన్నవాళ్ళకి ఆ మాట దీవెనలా వినిపించేది. అప్పటికే ఒళ్ళు చేసినవాళ్ళకి మాత్రం ఒళ్ళు మండేది. చిర్రుబుర్రులాడుతూ వెళ్ళిపోయి, ఆర్నెల్లకి అదే ప్యాంటు చంకలో పెట్టుకుని తలవంచుకుని వచ్చేవాళ్ళు. అప్పుడు చూడాలి మన అరంగుళం మొహం! నోట్లో గుండుసూదులు లేకపోతే వీధి చివరిదాకా వినబడేలా నవ్వేవాడే.

నోట్లో గుండుసూదులు ఎప్పుడూ ఉండేవి. కొలతకి నిలబెట్టిన మనిషి చుట్టూ ప్రదక్షిణం చేస్తూ, పెదాల మధ్య అరడజను సూదులు పెట్టుకుని, ఆ సందుల్లోంచే ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేవాడు. మధ్యలో ఎదురు కొట్టు నుంచి టీ వస్తే సూదులు తీసి, పొగలు కక్కే టీని గుటుక్కున మింగేవాడు. అదో బడాయి. "చల్లార్చుకుని తాగడానికి ఇదేమైనా దగ్గు మందా?" అనేవాడు. ఆ తర్వాత గడప మీద కూర్చుని ఓ సిగరెట్టు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే వరస.

పక్క స్టూలు మీద అతని భార్య కూర్చునేది. గుండీలు, కాజాలు, అంచు మడతలు ఆవిడ వంతు. వీధి ఆవిడకి గుండీలక్క అని పేరు పెట్టింది. మొగుడు రోజంతా వాగింది ఆవిడ సాయంత్రం ఒక్క ముక్కతో కొట్టిపారేసేది. అరంగుళానికి ఈ లోకంలో భయమంటూ ఉంటే ఆ ఒక్క ముక్కే.

ఒక మధ్యాహ్నం భోజనంలో రొట్టె ముక్క రొమ్ము వెనకాల ఎక్కడో ఆగింది. కిందికి దిగదు, పైకి రాదు. అరంగుళం కళ్ళు తేలేసి, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, వీపు గోడకేసి కొట్టుకున్నాక ఎలాగో జారింది. మర్నాడూ అంతే. మూడోనాడు కూడా అదే తంతు జరిగేసరికి అతనికి జ్ఞానోదయమైంది. ఇంకేముంది, గుండుసూది మింగేశాడు!

దర్జీ బుర్రకి ఇంతకంటే సబబైన కారణం ఇంకోటి తోచదు మరి. నోట్లో ఇన్ని వేల సూదులు పెట్టుకుని తిరిగిన మనిషి ఒక్కటీ మింగకుండా ఉంటాడా? అది గొట్టంలో అడ్డంగా ఇరుక్కుంది, అంతే. ఈ మాట పెళ్ళాంతో అంటే ముప్ఫై ఏళ్ళ నుంచి ఆవిడ చెబుతున్నదే నిజమైపోతుంది. "ఆ సూదులు నోట్లోంచి తీయండి, ఎప్పుడో మింగుతారు" అని ఎన్నిసార్లు మొత్తుకుందో! అందుకని ఆవిడ గుండీలు కొనడానికి వెళ్ళినప్పుడు, నేల మీద రాలిన సూదులు ఏరే అయస్కాంతం తీసి, చొక్కా విప్పి, ఛాతీ మీద పైనుంచి కిందికి నెమ్మదిగా దువ్వాడు. ఏమీ రాలేదు. మళ్ళీ దువ్వాడు. అదే సమయానికి కొలతలివ్వడానికొచ్చిన బ్యాంకు గార్డు గుమ్మంలో నిలబడి ఈ వైభోగమంతా చూసి నోరు వెళ్ళబెట్టాడు.

"వైద్యమా?" అన్నాడు గార్డు.

"ఎండగా ఉంది కదా అని," అన్నాడు అరంగుళం, ఎండకీ అయస్కాంతానికీ ఏం సంబంధమో ఇద్దరికీ తెలియకపోయినా.

సూది అయితే దానంతటదే దిగిపోతుందిలే అని నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. ఏళ్ళుగా అలవాటైన గుండె మంటకి మందుల షాపులో దొరికే తెల్లటి చిక్కటి మందు సీసాలకి సీసాలు తాగాడు. రొట్టె మానేశాడు, పంటి నొప్పి అన్నాడు. తర్వాత నెలకి అన్నం ముద్ద ముద్దకీ గుక్కెడు నీళ్ళు కావాల్సి వచ్చాయి, ఉక్కపోత అన్నాడు. ఆ పైన జావలోకి దిగాడు, తేలిగ్గా తింటే ఆయుష్షు పెరుగుతుందట అన్నాడు. అబద్ధాల్లో కూడా వరసా వాయీ పాటించే మనిషి.

ఇక ఒంట్లో బరువు తగ్గడం మొదలైంది. ఇక్కడే అరంగుళం చేసిన ఘనకార్యం చెప్పాలి. మామూలు మనిషి చిక్కిపోతే ప్యాంటు జారుతుంది, చొక్కా వేలాడుతుంది, దారినపోయే దానయ్య కూడా "ఏంటండీ ఇలా అయిపోయారు" అంటాడు. ఈ మహానుభావుడికి ఆ యోగం లేదు. చేతిలో కుట్టుపని ఉంది! ప్యాంటు వదులైన రోజు వెనక కుట్టు దగ్గర ఓ అంగుళం లోపలికి పట్టి చకచకా కుట్టేసుకున్నాడు. చొక్కాలు పక్కల్లో బిగించాడు. భుజాలు జారితే లోపల పలచటి దూది అట్ట పెట్టాడు. అద్దంలో చూసుకుంటే దొరబాబు.

వీధి కూడా అలాగే మోసపోయింది. "బట్టలు భలే కుదిరాయండీ, పదేళ్ళు తగ్గారు" అన్నారు. ఆ మాటకి అతను పొంగిపోయాడు. చివరికి తన కుట్టుని తనే నమ్మేశాడు, అదీ అసలు విషాదం. నెలకో కుట్టు చొప్పున అయిదు నెలల్లో అయిదు కుట్లు పడ్డాయి. ముప్ఫై ఎనిమిది నడుము ముప్ఫై మూడైంది. ప్యాంటు వెనక జేబులు రెండూ పలకరించుకునేంత దగ్గరికొచ్చేశాయి. కూర్చుంటే లోపలి గుడ్డ మడతలు గుచ్చుకునేవి. అయినా కుషన్ వేసుకుని కూర్చున్నాడు గానీ కిక్కురుమనలేదు.

గుట్టు బయటపడింది బకెట్‌లో. ఎప్పుడూ తన ప్యాంటు తనే ఆరేసుకునే మనిషి ఆ రోజు మరిచాడు. గుండీలక్క బట్టలు ఉతికి, ప్యాంటు తిరగేసి ఆరేయబోతే లోపల అయిదు కుట్లు ఒకదాని పక్కన ఒకటి కనబడ్డాయి. ఆ చేతి కుట్టు ఆవిడ కళ్ళు మూసుకుని తడిమినా గుర్తుపడుతుంది. తీగ మీద వేయకుండా ఆ తడి ప్యాంటుతోనే కొట్టుకి వచ్చింది. అరంగుళం అప్పుడు బ్యాంకు గార్డు మెడకి టేపు చుట్టి ఉన్నాడు. ఆవిడ ఆ టేపు లాక్కుని మొగుడి నడుముకి చుట్టింది.

"ముప్ఫై మూడు," అంది. గొంతు వణికింది. "ఇదేంటి? ఎన్నాళ్ళ నుంచి?"

నోట్లో సూదులున్నాయి గనక అరంగుళం వెంటనే జవాబు చెప్పలేకపోయాడు. అవి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. "సూది మింగాననుకుంటానే," అన్నాడు చివరికి.

"అయస్కాంతం కూడా పెట్టి చూశారు," అన్నాడు గార్డు సాయం చేద్దామని.

ఆవిడ ఇద్దరినీ కొరకొరా చూసి, కొట్టు తలుపు దించింది. గార్డుకి కొలతలు సగమే అయ్యాయి. ఆ యూనిఫాం సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆసుపత్రిలో గొంతులోంచి సన్నటి కెమెరా గొట్టం దింపి చూశారు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. వారం తర్వాత పొడుగ్గా ఉన్న డాక్టరమ్మ ఆ కెమెరా తీసిన ఫొటో చూపించింది.

"సూది ఏది?" అన్నాడు అరంగుళం.

"సూది లేదండీ. ఇది అన్నవాహిక. గొంతు నుంచి కడుపుదాకా ముద్ద దిగే గొట్టం. సుమారు పాతిక సెంటీమీటర్లు ఉంటుంది."

"పదంగుళాలు."

"అనుకోండి. దాని లోపల పలచటి పొర ఉంటుంది."

"లైనింగు."

"అదే. మీకు క్యాన్సర్ ఆ లైనింగులో మొదలైంది. గొట్టం కింది భాగంలో. అక్కణ్ణించి పై పొరల్లోకి పాకింది. అన్నవాహిక సాగుతుంది, అందుకే మొదట్లో ఏమీ తెలియదు. దారి బాగా ఇరుకయ్యాకే ముద్ద అడ్డం పడుతుంది. మొదట గట్టివి, తర్వాత మెత్తవి, ఆఖరికి నీళ్ళు. మీరు మొదటి నెలలోనే వచ్చుంటే బాగుండేది."

గుండీలక్క మొగుడి వైపు చూడలేదు. చూస్తే అక్కడే ఏడ్చేసేది. "ఆ కాలే కాలే టీ వల్లేనా?" అని అడిగింది.

"సిగరెట్లు, మరీ వేడి టీ, ఏళ్ళ తరబడి గుండె మంట, అన్నీ కొంత కొంత. ఏ ఒక్కదాని మీదా నెట్టెయ్యలేం. ఇవేవీ లేనివాళ్ళకి కూడా వస్తుంది. మంచి మాటేంటంటే, స్కాన్‌లో వేరే చోటికి పాకినట్టు కనబడలేదు."

ముందు మందులు, రేడియేషన్ అయిదు వారాలు. ఆ తర్వాత ఆపరేషన్. పాడైన గొట్టం తీసేసి, కడుపుని సన్నటి గొట్టంలా చేసి, ఛాతీలోకి పైకి లాగి, మిగిలిన ముక్కకి కలుపుతారు. అరంగుళం ఇదంతా ఆల్టరేషన్ లెక్కన విన్నాడు.

"ఏ దారంతో కుడతారు?" అన్నాడు.

"దారం కూడా వాడతాం. చాలావరకు స్టేప్లర్."

"స్టేప్లరా! కాగితాలకి కొట్టేదా?"

"అలాంటిదే, కాస్త ఖరీదైంది."

అరంగుళం మొహం చిన్నబోయింది. చేతికుట్టు తెలిసిన మనిషిని ఇంతకంటే అవమానించడం ఎవరి తరం కాదు.

మందులకి, రేడియేషన్‌కి ఒళ్ళు హూనమైంది. నోరు చేదు, కాళ్ళు పీకులు, కుర్చీలోంచి లేవడానికి గంట. అయినా నాలుగో వారం దాటాక ముద్ద దిగడం మొదలైంది. ఒక పూట మెత్తటి రొట్టె కూడా దిగింది. అంతే, మనవాడు పాత అరంగుళం అయిపోయాడు.

"దారి తెరుచుకుంది. ఇంక కొయ్యడం ఎందుకు?" అన్నాడు.

డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "గడ్డ కుంచించుకుపోయింది, పూర్తిగా పోయిందని చెప్పలేం. ఆపరేషన్ పెద్దదే, అపాయం ఉంది. కానీ మీ గుండె, ఊపిరితిత్తులు తట్టుకుంటాయి. మీ విషయంలో నయమయ్యే అవకాశం దాంతోనే ఎక్కువ. వద్దంటే మళ్ళీ మళ్ళీ పరీక్షలు చేస్తూ కనిపెట్టి ఉంటాం. దారి మూసుకుపోతే తెరిచి ఉంచడానికి లోపల స్టెంట్ అనే జాలీ గొట్టం పెడతాం. అది ముద్ద దిగడానికే గానీ రోగాన్ని తీసెయ్యదు. బాగా ఆలోచించుకోండి."

"ఆలోచించాను, వద్దు," అన్నాడు. ఇంటికొచ్చాక కూడా అదే పాట. రెండ్రోజులు గుండీలక్క తన గుండీలు తను కుట్టుకుంది. బతిమాలలేదు, ఏడవలేదు. మూడోనాడు మధ్యాహ్నం కొట్లో ఆ ప్యాంటు తిరగేసి కత్తిరింపు బల్ల మీద పడేసింది.

"అయిదు కుట్లు వేశారు కదా, ఒక్కసారైనా కత్తెర పెట్టలేదేం?"

"అలవాటు."

"అలవాటు అరంగుళం వరకు. ఇంత గుడ్డ లోపల మడిచి పెట్టుకునే దర్జీని నేనెక్కడా చూడలేదు. కూర్చుంటే గుచ్చుకుంటుంటే కుషన్ వేసుకున్నారు గానీ కత్తిరించలేదు. పోతాననుకున్న మనిషి దీన్ని కత్తిరించి అవతల పారేస్తాడు. మీరు దాచుకున్నారు. మళ్ళీ ఒళ్ళు చేయాలని మీకుంది. ఆ మాట నాతో అనడానికేం?"

అరంగుళం ఏదో జోకు వేద్దామని నోరు తెరిచాడు. నోట్లో సూదులు లేవు, అయినా మాట రాలేదు. మడతల్ని బొటనవేలితో రాస్తూ కూర్చున్నాడు. 

"భయమేస్తోందే," అన్నాడు. "బల్లెక్కి పడుకున్నాక లేవకపోతే?"

"నాకూ భయమే. మీకంటే ఎక్కువ. మీరైతే మత్తులో ఉంటారు, నేను బయట కుర్చీలో కూర్చోవాలి." ఆవిడ ముక్కు తుడుచుకుంది. "పదండి, ఫోన్ చేద్దాం."

ఆపరేషన్ ఏడు గంటలు పట్టింది. ఆవిడ వరండాలో కూర్చుని పక్కనున్న ముక్కూ మొహం తెలియని మనిషి చొక్కాకి ఊడబోతున్న గుండీ ఊరికే కూర్చోలేక కుట్టేసింది. రెండు వారాల తర్వాత రిపోర్టు వచ్చింది.

"కోసిన రెండు అంచుల్లోనూ క్యాన్సర్ లేదు," అంది డాక్టరమ్మ.

అరంగుళం ఊరుకుంటాడా! "అంచు ఎంత వదిలారు?"

"ఇంచుమించు రెండంగుళాలు."

"నేను అరంగుళం వదిలితే వీధంతా నవ్వింది," అన్నాడు. ఆ రోజు నుంచి స్టేప్లర్ గురించి చెడ్డమాట అనలేదు.

బతుకు మాత్రం తలకిందులైంది. రోజుకి ఆరుసార్లు, పిల్లి తిన్నంత తిండి. తిన్నాక గంటల తరబడి పడుకోకూడదు. పడుకున్నా తలవైపు ఎత్తుగా ఉండాలి. టీ గోరువెచ్చగా వస్తుంది, దాన్ని అతను నిజంగానే దగ్గు మందులా చూస్తాడు. సిగరెట్టు లేదు. సూదులు ఇప్పుడు మణికట్టుకి కట్టుకున్న దిండులో ఉంటాయి. ఆ దిండు గుండీలక్క కుట్టింది. నోరు ఖాళీ అయ్యేసరికి కొలతలివ్వడానికొచ్చినవాళ్ళ చెవులు చిల్లులు పడుతున్నాయి.

తన బట్టల మీద తను చెయ్యి వేసే హక్కు అతనికి పోయింది. టేపు ఆవిడ దగ్గరే ఉంటుంది. వారానికోసారి నిలబెట్టి కొలుస్తుంది. ఆపరేషన్ తర్వాత నడుము ముప్ఫై రెండుకి దిగినప్పుడు ఆరో కుట్టు ఆవిడే వేసింది. అది పాములా మెలికలు తిరిగింది. గుండీలు కుట్టే చేతికి మిషను అలవాటు లేదు.

ఏడాది దాటింది. మొన్న పరీక్షలో డాక్టరమ్మ, "ఇప్పటికి ఏమీ కనబడటం లేదు. మూణ్ణెల్లకి మళ్ళీ చూద్దాం," అంది. అంతకు మించి మాటివ్వలేదు. కొట్టుకి రాగానే గుండీలక్క టేపు తీసింది. చుట్టింది. తప్పు చూశానేమోనని విప్పి మళ్ళీ చుట్టింది.

"ముప్ఫై మూడు," అంది.

ఏడాదిన్నర కింద ఇదే కొట్లో ఇదే అంకె చెప్పినప్పుడు ఆవిడ గొంతు వణికింది. ఈసారి కూడా వణికింది. స్టూలు మీద కూర్చుని, బ్లేడు తీసి, ఆరో కుట్టు విప్పడం మొదలుపెట్టింది.

"నీ కుట్టుకి బ్లేడెందుకే, గట్టిగా ఊదితే ఊడిపోతుంది," అన్నాడు అరంగుళం.

ఆవిడ పట్టించుకోలేదు. ఆఖరి దారం లాగేసి, ప్యాంటు దులిపి అతని ఒళ్ళో పెట్టింది.

"మరి మిగతావి?" అన్నాడు.

"అవి నేను వేసినవి కావు. ఆ అయిదూ మీరే విప్పాలి. నేను చెయ్యి కూడా వెయ్యను. ఎన్నేళ్ళు పట్టినా సరే, కూర్చుని మీరే విప్పండి."

అరంగుళం ఆ ప్యాంటు మడతపెట్టి, తిరగేసిన వైపు పైకి కనబడేలా, కత్తిరింపు బల్ల మీద తన ఎదురుగా పెట్టుకున్నాడు. తర్వాత తన వంతు జావ గిన్నె దగ్గరికి లాక్కుని, ఒక్క చుక్క మిగల్చకుండా తాగాడు.