బాపు దగ్గు, నా రెండో తరగతి ఇండోనేషియా

ఆ రోజుల్లో మా క్వార్టర్ల లైన్లో నడివయసు మగవాళ్లెవరైనా కొత్తగా దగ్గడం మొదలుపెట్టారంటే ఆ ఇంట్లో కొడుకు చదువు పూర్తయిందని అర్థం. (ఆ రోజులంటే మరీ పాతకాలమేమీ కాదు. అందరి చేతుల్లో ఫోన్లు, ఫోన్ల నిండా వీడియోలు ఉన్న కాలమే.) గోదావరి ఒడ్డున బొగ్గుబాయి కంపెనీ కట్టిన టౌన్‌షిప్ మాది. తండ్రి పనికి అన్‌ఫిట్ అని మెడికల్ బోర్డు రాసిస్తే కొడుక్కి ఉద్యోగం వస్తుంది. నిజంగా జబ్బుపడిన వాళ్ల కోసం పెట్టిన ఏర్పాటే అది, కాదనను. కానీ మా బాపులాంటి వాళ్లకు అది పెద్ద పరేషాన్. భూమి లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. జ్వరమనేది ఆయనకు ఇతరులు చెబితే తెలిసిన విషయం. నేను మైనింగ్ డిప్లొమా పట్టుకుని ఇంటికొచ్చిన కొద్దిరోజులకు ఆయన గడపలో కూర్చుని, చాయ గ్లాసు పక్కన పెట్టి, గొంతు సవరించుకుని జీవితంలో మొదటిసారి దగ్గారు. వంటింట్లోంచి అవ్వ "ఎవరొచ్చిండ్రు?" అని కేకేసింది.

నాకు తల కొట్టేసినట్టయింది. బాపుకు బాయి అంటే ప్రాణం. మొదటి షిఫ్టు పడ్డ వారం పాటలు పాడుకుంటూ బూట్లు తొడుక్కునే మనిషి, నా కోసం రోగి వేషం వేస్తానంటున్నాడు. అప్పుడే కాలేజీలో నా సీనియర్ ఒకాయన ఇండోనేషియా నుంచి కబురు పంపాడు: అక్కడా బొగ్గుంది, డిప్లొమా వాళ్లను తీసుకుంటున్నారు, ఇంటర్వ్యూలో వాళ్ల భాష కొంచెం మాట్లాడితే చాలు. "బాపూ, జర ఆగు. నువ్వు అన్‌ఫిట్ గాకముందే నేను నౌకరి తెస్త," అన్నాను. బాపు కాసేపు ఆలోచించి, "మంచిదే బిడ్డా. నీది నువ్వు చదువు, నాది నేను దగ్గుత. ఏది పాసైతే గదే," అని తీర్పు చెప్పారు.

సీనియర్ పంపిన పుస్తకాలు ఫోన్లో తెరిచి చూస్తే అక్కడి ప్రాథమిక పాఠశాల ఒకటి, రెండు తరగతుల వాచకాలు. బొమ్మలు, గాలిపటాలు, చీపురు పట్టుకున్న బుడ్డోడు. మరొకడైతే చిన్నబుచ్చుకునేవాడేమో, నేను మాత్రం రెండో తరగతి వాచకంలో ఒక యంత్రాన్ని కనిపెట్టాను. ఆ భాషలో మాటలు డ్రిల్లింగ్ మిషన్‌లాంటివి. అసలు ముక్క ఒక్కటే. ముందొక బిట్టు బిగిస్తే ఒక పని, వెనకొకటి బిగిస్తే ఇంకో పని. 'కెర్జా' అంటే పని. ముందు 'బె' పెడితే బెకెర్జా, పనిచేయడం. 'పె' పెడితే పెకెర్జా, పనివాడు. వెనక కూడా ఒకటి తగిలిస్తే పెకెర్జాఆన్, ఉద్యోగం. రెండు బిట్లు ముందూ ఒకటి వెనకా బిగిస్తే మెంపెకెర్జకన్, పనిలో పెట్టుకోవడం. వారం తిరిగేసరికి ఉద్యోగం అనే మాటకున్న రూపాలన్నీ నాకు వచ్చేశాయి, ఉద్యోగం ఒక్కటి తప్ప. వరండా గోడకు పెద్ద చార్టు అంటించి, మూడు రంగుల స్కెచ్ పెన్నులతో గీతలు గీసి (నాకు గీతలు లేకపోతే చదువు ఎక్కదు), పొద్దున్నే దాని ముందు నిలబడి వల్లె వేసేవాణ్ని. అన్నిటికంటే పెద్ద బిట్టు 'మె'. తర్వాతి అక్షరాన్ని బట్టి అది మె, మెమ్, మెన్, మెంగ్, మెన్య్ అని ఐదు రకాలుగా మారుతుంది.

పక్క క్వార్టర్లో ఉండే ఆవిడను లైనంతా సైరన్ చిన్నమ్మ అనేవాళ్లు. బాయి సైరన్ ఏనాడైనా మోగకపోయినా ఆమె గొంతు విని షిఫ్టుకు పోవచ్చు. మూడో రోజు గోడ మీదుగా ఆమె తల లేచింది.

"అక్కా, మేకను ఎప్పుడు కొన్నరు? చెప్పనే చెప్పకపోతిరి. దావతు ఎప్పుడు?"

"మేక గాదు చెల్లే," అంది అవ్వ, తల వంచుకుని బియ్యం చెరుగుతూ. "మా పోరడే. ఇంజనీరు."

"అయ్యో! డాక్టరుకు సూపిచ్చిండ్రా మరి?"

"డాక్టరు దగ్గరికి ఆయన పోతుండు. ఈడు వేరే."

ఇలా మా వరండాలో ఒక చివర నేను మెమ్, మెన్ అంటుంటే, రెండో చివర బాపు ఖొళ్ ఖొళ్ మంటుండేవారు. ఆ దగ్గులో నాకొక సాంకేతిక లోపం కనిపించింది. వాచకం ప్రకారం 'తెర్' అనే బిట్టు మన ప్రమేయం లేకుండా జరిగిపోయే పనులకు పెడతారు. దగ్గును వాళ్లు 'బాటుక్' అంటారు. ఆగకుండా తన్నుకొచ్చే దగ్గు 'తెర్బాటుక్-బాటుక్'. బాపు దగ్గు ఎలా విన్నా దానికి 'తెర్' పడదు. ముందు చాయ గ్లాసు పక్కన పెట్టి, లుంగీ సర్దుకుని, అటూ ఇటూ చూసి దగ్గేవారు. ఆ మాటే చెప్పాను.

"నీకు దగ్గుడు తెల్వక అంటున్నవ్," అని ముఖం ముడుచుకున్నారు బాపు. "సైరన్ చెల్లె మొగడు గిట్లనే దగ్గిండు. ఆయనకు రాసిచ్చిండ్రు."

"ఆయనకు నిజంగనే దమ్ము బీమారుండే బాపూ."

"గదే మరి! ఆయనకు అలవాటున్నది. నాకు ప్రాక్టీసు లేదు."

ఈ రెండు పరీక్షల మధ్య నలిగింది అవ్వే. మంగళవారం కొండగట్టు పోయి అంజన్నకు మొక్కుకొచ్చింది. జబ్బులు పోవాలని జనం వరసకట్టే ఆ కొండ మీద మా అవ్వ కోరింది ఇదీ: "సామీ, మా ఆయన కాయితం మీద బీమారున్నట్టు, ఇంట్ల మంచిగున్నట్టు చెయ్యి." వెనక నిలబడ్డ ఒక ముసలామె ఇది విని, "గట్ల అడుగుతే సామి గడబిడైతడు బిడ్డా, ఏదన్న ఒకటడుగు," అని సలహా ఇచ్చిందట.

చివరికి రెండూ ఒకే రోజు వచ్చిపడ్డాయి. బాపు బోర్డుకు, నేను కరీంనగర్‌లో ఒక కన్సల్టెన్సీ ఆఫీసుకు బయలుదేరాం. అక్కడ కంప్యూటర్ తెర మీద పూలచొక్కా వేసుకున్న పెద్దాయన ఒకరు చేతులు కట్టుకుని నవ్వుతూ కనిపించారు. నా గని పరిజ్ఞానం ఇంగ్లిష్‌లో పరీక్షించారు. గడగడా చెప్పాను. ఆ తర్వాత తన భాషలోకి దిగి, మీ ఇంటి సంగతులు చెప్పమన్నారు.

అప్పుడు తెలిసింది నాకు, నా దగ్గర బిట్లన్నీ ఉన్నాయిగానీ వాటితో తవ్వడానికి సొంత నేల లేదని. బొగ్గుబాయి, షిఫ్టు, క్వార్టరు అనే మాటలు రెండో తరగతి పిల్లలకు చెప్పరు కదా! నాకొచ్చినవి వాచకంలోని వాక్యాలే. కాబట్టి అవే చెప్పాను. మా నాన్న పొద్దున్నే వరిపొలానికి వెళ్తాడు. మా నాన్న ఆరోగ్యంగా, బలంగా ఉంటాడు. అమ్మ బజారుకెళ్లి చేపలు తెస్తుంది. (మా అవ్వ చేప వాసనకు వీధి మారుతుంది.) మా చెల్లి గాలిపటం ఎగరేస్తుంది. (నాకు చెల్లెలు లేదు.) ప్రతి మాటకూ తగిన బిట్టు, ఎక్కడా ఒక్క తప్పు లేదు. పెద్దాయన కనుబొమలు పైకి లేచాయి. గనిలోకి నీళ్లొస్తే పనివాళ్లకు ఏం చెబుతావని అడిగారట. నాకు అందులో 'నీళ్లు' అన్నది మాత్రం అందింది. నీళ్ల పాఠం మొత్తం వచ్చు నాకు. "నీళ్లు మనకు చాలా మేలు చేస్తాయి. అన్నం తినే ముందు చేతులు కడుక్కోవాలి. నదిలో చెత్త వేయకూడదు," అన్నాను చేతులు కట్టుకుని.

ఆయన లేచి వెళ్లి పక్కగదిలోంచి ఇంకో ఇద్దరిని పిలుచుకొచ్చారు. వాళ్ల ముందు నాచేత చెత్త వాక్యం మళ్లీ చెప్పించారు. ముగ్గురూ కళ్లు తుడుచుకున్నాక పెద్దాయన ఇంగ్లిష్‌లో అన్నారు: "బాబూ, మా చిన్నమ్మాయి అచ్చం ఇలాగే మాట్లాడుతుంది. నిన్ను షిఫ్టు మీద పెడితే మా డంపర్ డ్రైవర్లు ఎత్తుకుని ముద్దాడతారు తప్ప మాట వినరు. ఐదో తరగతి పూర్తిచేసి మళ్లీ రా."

సాయంత్రం ఇంటికొచ్చేసరికి బాపు అప్పటికే కంచం ముందు ఉన్నారు. ముఖం దిగాలుగా ఉందిగానీ కంచంలో అన్నం ఎప్పటికంటే ఎక్కువే ఉంది.

"ఏమన్నరు బాపూ?"

"దగ్గుమన్నరు. దగ్గిన. 'ఇంకోపారి దగ్గు' అన్నరు. ఇంకోపారి దగ్గిన. గా డాక్టరు చెవుల గొట్టం తీసి, 'పెద్దమనిషీ, గొంతు మస్తుగున్నది, భజనలు పాడుతవా?' అన్నడు. ఫిట్టని రాసిచ్చిండు."

"సామి సగమే విన్నడు," అంది అవ్వ, నాకు కంచం పెడుతూ. బాధపడుతోందో సంబరపడుతోందో ఆమెకే తెలియనట్టుంది. గడపలో బాపు బూట్లు తుడిచిపెట్టి ఉన్నాయి, పొద్దున షిఫ్టుకు.

"మరి నీది?" అన్నారు బాపు.

చెప్పాను. పొలం దగ్గర మొదలుపెట్టి నదిలో చెత్త దాకా.

"నేను పొలానికి పోతనా?" అన్నారు బాపు ముద్ద కలుపుతూ.

"రోజూ."

"మీ అవ్వ శాపలు తెస్తదా?"

"బుట్టెడు."

"ఇన్ని అబద్ధాలు చెప్తివి, ఒక్కటన్న నిజం చెప్పలేదారా వాళ్లకు?"

"ఒక్కటి చెప్పిన. మా బాపు ఆరోగ్యంగ, బలంగ ఉన్నడని చెప్పిన."

బాపు నా వైపు చూశారు. అవ్వ వైపు చూశారు. నోట్లో ముద్దతోనే నవ్వొచ్చింది ఆయనకు. ఎంత నవ్వొచ్చిందంటే మెతుకు అడ్డంపడి, కళ్లలో నీళ్లు తిరిగి, ఊపిరాడక, గోడ పట్టుకుని దగ్గారు. గ్లాసు పక్కన పెట్టలేదు, తన్నేశారు. లుంగీ సర్దుకోలేదు. అవ్వ పరుగున వచ్చి నెత్తి మీద తడుతుంటే గోడవతల నుంచి సైరన్ మోగింది:

"అన్నా! బోర్డు అయిపాయెగదనే, ఇంక ఆపరాదు!"

తెర్బాటుక్-బాటుక్. మొదటిసారి సరిగ్గా పడింది.

తర్వాత నాకు నది అవతల ఓపెన్‌కాస్టు గనిలో ఒక కాంట్రాక్టరు దగ్గర సర్వే పని దొరికింది. బాపు పదవీ విరమణ రోజు దాకా పాడుకుంటూనే షిఫ్టుకు వెళ్లి దండలతో ఇంటికొచ్చారు. మేం క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు చార్టును గోడ నుంచి పీకాల్సింది నేనే. మూడు రంగులూ వెలిసిపోయాయి, మూలన అప్పటి నా చేతిరాత మాత్రం ఇంకా ఎంతో నమ్మకంగా ఉంది. ప్రపంచంలో ఏ పనికైనా సరైన బిట్టు బిగిస్తే చాలనుకున్న కుర్రాడి రాత అది. ఐదో తరగతి దాకా నేను వెళ్లనేలేదు. ఇప్పటికీ సైటులో అన్నం డబ్బా విప్పే ముందు చేతులు కడుక్కుంటూ వాణ్ని తలుచుకుని, ఎవరికీ వినపడకుండా 'మెన్చుచి తాంగాన్' అనుకుంటాను. ఆ భాషలో నాకు దక్కిన ఉద్యోగం అదొక్కటే.