పార్టీ మనిషి

కమ్యూనిస్టు పాలన పోయాక తూర్పు యూరప్‌లో పార్టీలు ఎలా పుట్టాయో, ప్రజాస్వామ్యం ఎక్కడ నిలిచి ఎక్కడ కుంగిందో న్యూజీలాండ్‌లోని వెల్లింగ్టన్ యూనివర్సిటీలో పాఠం చెబుతుంది రోనిక. మనిషి సన్నం, గొంతు పెద్దది. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మాత్రం కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, మధ్యలో అడ్డు రాకుండా వింటుంది. పరిశోధన కోసం వెళ్ళినప్పుడు పోలండ్ పల్లెల్లో మామూలు పార్టీ కార్యకర్తలు ఆమెకు మనసు విప్పి చెప్పుకున్నది అందుకే. ఒకరోజు ఆమె ప్రసంగం వినడానికి తండ్రి నారాయణ్ వచ్చాడు. ఆ రోజు ఆమె పోలండ్‌లో ఒక ముసలి కార్యకర్త తనకు చెప్పుకున్న సంగతులు వినిపించింది. ఆయన ఫిజీలో చెరకు రైతుల మధ్య పార్టీ పని చేసి, సైనిక తిరుగుబాటు తర్వాత దేశం వదిలి వచ్చినవాడు.

లోవర్ హట్‌లోని ఇంటికి తిరిగి వెళ్ళే ట్రైన్‌లో, "ఆ పోలండ్ ముసలాయన దగ్గర ఎంతసేపు కూర్చున్నావమ్మా?" అని అడిగాడు.

"రెండు రోజులు నాన్నా."

"మంచి పని చేశావు. అలా అడిగేవాళ్ళుండాలి," అని కిటికీ వైపు తిరిగాడు. ఇన్నేళ్ళలో నాన్నని ఆయన పార్టీ రోజుల గురించి తను ఒక్క మాటైనా అడగలేదని రోనికకు అప్పుడు తట్టింది. ఇంటికి రాగానే ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి ఆయన ఎదురుగా కూర్చుంది.

"నీతో పార్టీలో తిరిగినవాళ్ళెవరు నాన్నా?"

నారాయణ్ కళ్ళు మూసుకున్నాడు. "మొహాలు కనబడతన్నాయమ్మా. పేర్లే రావడం లేదు."

"మొహాలే చెప్పు."

"ఒకాయన బాగా పొడుగు," అన్నాడు. చెయ్యెత్తి ఆ ఎత్తు చూపించాడు. "అంతే గుర్తుందమ్మా."