ఏ బండిది?

టైరు ముందు పెట్టగానే మా బాపు అడిగే మాట ఒక్కటే: "ఏ బండిది?"

మొయినాబాద్ దాటాక చేవెళ్ల రోడ్డు పక్కన మాది పాత టైర్ల దుకాణం. టైరు కోసి చెప్పులు కుట్టడం, పశువులకు కుడితి తొట్లు చేయడం బాపు పని. ఊరూరా తిరిగి అరిగిన టైర్లు తేవడం నా పని. మనిషి ప్రాణం తీసిన బండి టైరును ఆయన ముట్టేవాడు కాదు. "ఒంటికి తగిలేది గసొంటి దానితోని చెయ్యొద్దురా" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. రబ్బరుకు పాపమేంటి, పుణ్యమేంటి?

ఒక ఎండాకాలం సరుకు దొరకలేదు. ఇప్పటి టైర్లలో ఉక్కు తీగ ఉంటుంది, కత్తికి లొంగదు. పాత రకం నైలాన్ టైరు కోసం తిరిగి తిరిగి, చివరికి షాబాద్ వైపు ఒక తుక్కు దుకాణంలో చూశాను. కేసు ముగిశాక తుక్కు కింద అమ్మేసిన లారీది. యాక్సిడెంట్ బండి అని దుకాణదారు దాచలేదు. దాని తలుపు పక్కనే పడి ఉంది. నీలం రంగు మీద రెండు నెమళ్లు. టైరు తెచ్చి బాపు ముందు దొర్లించాను.

"ఏ బండిదిరా?"

"ట్రాక్టర్ ట్రాలీది, బాపు."

ఆయన నమ్మాడు. కత్తిని సబ్బునీళ్లలో ముంచుకుంటూ సాయంత్రం దాకా కోశాడు. మొదటి జత పక్కనున్న సురంగల్ ఊరి అవ్వ ఒకామె తీసుకుంది. గులాబీ తోటల్లో కూలికి పోయే మనిషి. ముల్లు దిగని అడుగు కావాలంది.

మరుసటి ఏడు బాపు పోయాడు. ఆ వానాకాలంలోనే అవ్వ పట్టీ ఊడిందని వచ్చింది. నేను మేకు కొడుతుంటే, అడగకుండానే చెప్పుకొచ్చింది.

"నా కొడుకు గీ రోడ్డు మీదనే పోయిండు బిడ్డా. పూలు ఏసుకొని మార్కెట్‌కు పోతుంటే బండల లారీ గుద్దింది. నేను ఉరికొచ్చేసరికి లారీ ఆడ్నే ఉండె. అన్నీ మర్శిపోయిన గని, గా నీలం తలుపు మీది నెమళ్లు కండ్లల్లకెల్లి పోతలేవు."

చెప్పు నా చేతిలోనే ఉంది. పట్టీ బిగించి ఇచ్చాను, ఆమె తొడుక్కుని వెళ్లిపోయింది. దుకాణం ముందు తడి మట్టిలో, రోడ్డు దాకా ఆమె అడుగుల్లో లారీ టైరు గీతలు పడ్డాయి, అడుగంత అడుగంత ముక్కలుగా. నాకు భయం వేసింది. బాపు ఉంటే కాళ్ల మీద పడి ఒప్పుకునేవాణ్ణి. చెప్పుకోవడానికి ఎవరూ మిగల్లేదు.

అప్పటి నుంచి వాన పడితే చాలు, నా కళ్లు నేల మీదే ఉంటాయి.

చివరికి వేరే టైరుతో నేనే ఒక జత కుట్టి ఆమెకిచ్చాను. పాతవి అరిగిపోయాయని ఇంకో అబద్ధం ఆడి తీసుకున్నాను. ఇప్పుడు చెప్పులు అడిగేవాళ్లు తక్కువ; మా టైర్లన్నీ కంపెనీ లారీ ఎత్తుకుపోతుంది. పొడి కొట్టి రోడ్డు తారులో కలుపుతారట, బడి పిల్లలు ఆడుకునే మెత్తటి నేల చేస్తారట. తగలబెట్టి ఊరికి పొగ పెట్టడం కంటే వెయ్యి రెట్లు నయం. ఆ పాత జతను కూడా ఆ లోడులోనే పడేశాను. పీడ వదిలిందనుకున్నాను. కానీ ఆ రోజు ఇంటికి పోతుంటే ఏ రోడ్డు మీద కాలు పెట్టడానికీ మనసొప్పలేదు. రబ్బరు ఎక్కడికీ పోదు, రూపు మార్చుకుంటుందంతే అని పదిమందికి గొప్పగా చెప్పుకునేవాణ్ణి నేనే.

మొన్న అవ్వ మళ్లీ వచ్చింది. ఉత్త కాళ్లతో, కొత్త జత చేతిలో పట్టుకుని.

"ఇవి కరుస్తున్నయ్ బిడ్డా. నా పాతయి నాకియ్యి."

లేవన్నాను. ఆమె ముఖం వాడిపోయింది.

"అవి తొడుక్కుంటే నా ఎంట ఎవరో నడిసినట్టే ఉంటుండె. జర గసొంటి టైరే తెచ్చి కుట్టు. గది ఏ బండిది?"

నిజం నోటిదాకా వచ్చింది. ఆమె పాదాల నిండా ముళ్లు గీరిన గాట్లు.

"ట్రాలీది, అవ్వా" అన్నాను.