అడుగు తెగిన గ్రాఫ్

మొన్న మిర్యాలగూడలో ఒక కార్యాలయం గోడ మీద భూగర్భజలాల గ్రాఫ్ అంటించి ఉంటే, వచ్చిన పని మరిచి దాని కింది అంచునే చూస్తూ నిలబడిపోయాను.

ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో నేను సూర్యాపేటలో బావుల నీటిమట్టాలు గీసే ఉద్యోగంలో ఉండేవాణ్ణి. పెన్‌పహాడ్ వైపు కొన్ని ఊళ్లు ఒకప్పుడు మా తాతగారి మాట మీద నడిచినవి. భూములు పోయాయి, గడీ కూలింది, తల వంచని అలవాటొక్కటే మాకు మిగిలింది.

నీటి లోతు గ్రాఫులో సున్నా పైన ఉండి, లోతు పెరిగేకొద్దీ గీత కిందికి దిగాలి కనుక నిలువు అక్షాన్ని తిరగేయాలి. తిరగేయగానే అడుగున ఉండవలసిన తేదీలు పైకి ఎగబాకి శీర్షికను సగం మింగేశాయి. పెన్‌పహాడ్ బావుల గ్రాఫుతో ఒక పూటంతా కుస్తీపట్టి, అక్షం ముప్పై మీటర్ల దగ్గర ముగిసేట్టు, తేదీలు అక్కడే కూర్చునేట్టు అమర్చాను. పాత కాగితపు గ్రాఫుల్లో అంతకు మించిన లోతు నేనెన్నడూ గీయలేదు. బొమ్మ ముచ్చటగా కుదిరింది.

కోదాడ నుంచి వచ్చే జూనియర్ అమ్మాయి దాన్ని చూసి, మెల్లగానే అంది: "సార్, ముప్పై దాటినవన్నీ కింద తెగిపోతున్నాయండీ. ఎండాకాలం గీత అంచు దగ్గరే ఆగిపోయింది చూడండి."

నువ్వు పుట్టకముందు నుంచి గీస్తున్నానని చెప్పి ఆమెను కూర్చోబెట్టాను.

ఆ వారమే, మా పశువులు కాసినాయన కొడుకు పెన్‌పహాడ్ నుంచి వచ్చి, కుర్చీ చూపినా కూర్చోకుండా అడిగాడు. "దొరా, ఎండకాలం గూడ నీళ్లుంటయా? మీరు ఉన్నయంటే గొర్లమ్మి బోరేపిస్త."

గ్రాఫ్ అంచు మీద వేలుపెట్టి, ఎంత ఎండైనా నీళ్లు ముప్పై మీటర్ల కిందికి దిగవన్నాను.

నలభై మీటర్లకు బోరు దింపి, యాసంగికి వరి వేశాడు. పొట్టకొచ్చిన పైరు మార్చిలో నిలువునా ఎండింది. ఆ కబురు విన్న రోజు అక్షాన్ని అరవైకి మార్చి చూశాను. గీత యాభై రెండు దాకా దిగింది. ఆ అమ్మాయి కూడా చూసింది.

ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో అంచులు వాటంతటవే సర్దుకుంటాయట. ఆ బోరు వేయించినాయన ఈ మిర్యాలగూడలోనే ఒక రైస్ మిల్లులో బస్తాలు మోస్తున్నాడు. నేను ఎదురైతే, భుజాన బరువున్నా సరే ఆగి, "బాగున్నరా దొరా" అంటాడు. గ్రాఫ్ తప్పని ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు.