ఓడత్త తెచ్చిన తిప్పతీగ

ముందు ఆ సీసా కిందపెట్టి ఇలా నా ఎదురుగా కూర్చో తల్లీ, బిడ్డ ఉయ్యాల్లో నిద్రపోతున్నాడు కదా, ఒక చెవి వాడికీ ఒక చెవి రేడియోకూ ఇచ్చి వినే సంగతి కాదిది. గుడివాళ్ళు వేసే పుస్తకానికి, మా వాళ్ళు కూలి ఒప్పందం మీద ఈ ఫిజీకి వచ్చిన గిర్మిట్ కాలం ముచ్చట్లు చెప్పమని పది రోజులుగా వెంటపడుతున్నావు, చెబుతాను, రాసుకో. పండగల సంగతి చెబుదామనుకున్నాను గానీ పొద్దున నువ్వు లౌటోకా బజారు నుంచి ఆ సీసా తెచ్చినప్పటి నుంచీ నా మనసు ఇంకెక్కడా నిలవటం లేదు. ఏదో ఆకుతో చేసిన మాత్రలట, బాలింతకు బలమట, పాలు బాగా పడతాయట. డాక్టరుకు చూపించావా అని ఈ నానమ్మ అడిగితే ఏమన్నావు? "అరే ఆజీ, జడీబూటీయే కదా, చెట్టుది ఏం చేస్తాది?" అన్నావు. ఆ మాటకే సీసా కిందపెట్టమన్నాను. ఎందుకో విను. అరవై ఏళ్ళుగా నేను ఎవరికీ చెప్పలేదు, మీ తాతకు కూడా.

అప్పటికి నాకు తొమ్మిదేళ్ళుంటాయేమో. మా కూలీ లైను ఈ లోవకు రెండు కొండల అవతల చెరుకు తోటల మధ్య ఉండేది. పొడుగాటి రేకుల పాక, లోపల వరసగా గదులు, ఒక్కో గదిలో ఒక్కో సంసారం. పైకప్పు దాకా గోడ ఉండేది కాదు, ఆ గదిలో దగ్గితే ఈ గదిలో పిల్ల లేచేది. మా నాన్నతో ఒకే ఓడలో వచ్చినవాళ్ళంతా మాకు చుట్టాలే, కులమూ ఊరూ ఎవరూ అడిగేవారు కాదు. ఓడలో అమ్మ పక్కన పడుకున్నావిడ మాకు పిన్ని అయింది. విశాఖపట్నం వైపు నుంచి ఒంటరిగా వచ్చిన పెద్దావిడ ఒకామె ఉండేది, ఆమె ఓడత్త. పెద్దవాళ్ళూ పిల్లలూ అంతా ఆమెను అలాగే పిలిచేవాళ్ళు.

ఆ ఓడత్త వచ్చేటప్పుడు అందరిలా పసుపుకొమ్ములూ దేవుడి పటమూ తెచ్చుకోలేదు, జానెడు తిప్పతీగ ముక్క తెచ్చింది. తిప్పతీగ సంగతి నీకు తెలుసుగా, మన కంచె మీద ఉన్నదే, కోసి గోడకు వేలాడదీసినా చావదు, చిగురు పెడుతుంది. అయినా ఉప్పుగాలికి ఎక్కడ పోతుందోనని, ఓడలో తనకు తాగటానికి ఇచ్చిన నీళ్ళలో కొంచెం మిగిల్చి గుడ్డ తడిపి దానికి చుట్టేదట. దాన్ని తెచ్చి లైను వెనక సీమపనస చెట్టు మొదట్లో నాటింది. నాకు బాగా ఊహ తెలిసేటప్పటికి అది చెట్టంతా అల్లుకుని, కొమ్మల్లోంచి దారాల్లాంటి వేళ్ళు కిందికి దించి ఉండేది.

జ్వరం తగిలినా, నీరసం వచ్చినా లైనంతా ఆమె కషాయమే తాగేది. చెరుకులో కలుపు తియ్యటానికి కూలీల మేస్త్రీ, సర్దారు, పొద్దున్నే వరసలు కొలిచి ఇచ్చేవాడు, ఆ పని పొద్దుగూకేలోగా అవ్వకపోతే హాజరు పడదు, పైగా కేసు. అందుకని ఒంట్లో బలం అన్న మాటంటే మనుషులకు పిచ్చి. రోజూ పోయమని వచ్చేవాళ్ళను ఓడత్త కసిరేది, ఇదేటి చెరుకు రసమేటే అని. ఏడు రోజులు తాగితే ఆపేయాలి, కడుపుతో ఉన్నవాళ్ళకు పోసేది కాదు, ఇంకేం మందు మింగుతున్నావని అడక్కుండా చుక్క ఇచ్చేది కాదు. చదువు లేని మనిషి, అంత జాగ్రత్త.

ఆమెకు అప్పటికే రెండు కళ్ళలోనూ పొర కమ్మేసింది. పొద్దున్నే తీగ కోసి, కడిగి, ముక్కలు చేసి ఇవ్వటం నా పని. నా చెయ్యి పట్టుకుని నేర్పింది, గోటితో పైపొర గీకితే పల్చటి కాగితంలా లేవాలి, కింద పచ్చగా కనపడాలి, వేళ్ళు దారాల్లా వేలాడాలి, ఈ మూడూ చూడకుండా కొయ్యకు అని. నువ్వే నా కళ్ళు అమ్మీ అని ఆమె అందరి ముందూ అంటుంటే నేను మిగతా పిల్లల మధ్య ఎంత మిడిసిపడేదాన్నో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మా పిన్నికి ఆ ఏడాది బిడ్డ పుట్టాడు. మూడు నెలలు నిండకుండానే చెరుకులోకి పొమ్మన్నారు. మనిషి ఎండిన ఆకులా ఉండేది. ఓడత్త కాళ్ళు పట్టుకుంది, ఏదన్నా పొయ్యమని. పాలిచ్చే తల్లివి, వద్దే అని ఓడత్త రెండు రోజులు తిప్పి పంపింది. పిన్ని ఊరుకోలేదు. వరస తియ్యలేకపోతే సర్దారు ఊరుకుంటాడా అని ఏడిచింది. సరే, మూడంటే మూడు రోజులు, రెండంటే రెండు గుక్కలు అని చివరికి ఒప్పుకుంది.

మొదటి రోజు నేను సీమపనస చెట్టు దగ్గరికి వెళ్తే తీగ మొదట్లోనే కందిరీగలు తుట్టె పెట్టి ఉన్నాయి. చెయ్యి పెట్టగానే ఒకటి కుట్టింది. అమ్మో, ఆ మంట! వెళ్ళి చెప్పి ఉంటే ఓడత్త ఎవరిచేతనన్నా పొగ పెట్టించేది. కానీ కళ్ళని పేరు పెట్టించుకున్న దాన్ని, ఉత్త చేతులతో ఎలా వెళ్ళను? వాగు గట్టు మీద ఇంకో తీగ ఉండేది, ఆకు అచ్చం అలాగే తమలపాకులా ఉండేది. గోటితో గీకలేదు. వేళ్ళున్నాయా అని చూడలేదు. నాలిక్కి తగిలిస్తే చేదుగా ఉంది, చేదుంటే అదేలే అనుకున్నాను. చిన్న చిన్న ముక్కలు చేసి మరీ ఇచ్చాను. తరతరాలుగా ఈ నేల మీదే ఉన్న కాయ్‌వీతీలు దాన్నేమంటారో నాకు ఇప్పటికీ తెలీదు, అడగటానికి ధైర్యం చాల్లేదు.

రెండో రోజూ ఆ గట్టు తీగే కోసిచ్చాను, పిన్ని గుక్క వేసి మొహం చిట్లించింది, ఈ చేదు ఎప్పటిలా లేదత్తా అని. ఓడత్త నా వైపు తిరిగింది. "మన తీగేనా అమ్మీ?"

"మన తీగే" అన్నాను.

రాశావా తల్లీ? అదొక్కటి సరిగ్గా రాయి. కందిరీగ కుట్టిందని వేరే తీగ కోస్తే పిల్లతనం అనుకోవచ్చు, కానీ అడిగినప్పుడు నేను తెలిసే అబద్ధం చెప్పాను. ఆమె నమ్మింది. కళ్ళను నమ్మక ఎవరిని నమ్ముతుంది?

మూడో రోజు పిన్ని చెరుకు వరసలో వాంతులు చేసుకుని పడిపోయింది. నోట మాట లేదు, చూపు ఎటో పోయింది. బండి మీద వేసుకుని ఆస్పత్రికి తీసుకుపోయారు. సాయంత్రం సర్దారూ, మేం కులంబర్ అనే తెల్లదొరా లైనులోకి వచ్చి అందర్నీ బయట నిలబెట్టారు. సర్దారు ఓడత్త మీదికి వచ్చాడు, "ఏ బుఢియా, కా పిలాయా?" అని. ఏం తాగించావే ముసలీ అంటున్నాడు. ఆమె గిన్నె అడుగున మిగిలిన ముక్కలు చేతిలోకి తీసుకుంది. ఒక ముక్కను గోటితో గీకింది. పొర లేవలేదు. వాసన చూసింది. అప్పుడు మొహం నా వైపు తిప్పింది, నేను ఎక్కడ నిలబడ్డానో కళ్ళు కనపడని మనిషికి ఎలా తెలిసిందో!

నేను నోరు తెరవాలి, తెరవలేదు. మా నాన్న పక్కనే ఉన్నాడు, సర్దారు చేతిలో కొరడా ఉంది, నాన్నను కొడతాడని భయపడ్డానని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. అది కాదు. ఇక నన్నెవరూ కళ్ళు అనరని భయం.

ఓడత్త సర్దారు వైపు తిరిగి, "నా కళ్ళు అగుపడవు బాబూ, ఈపాలి పిల్లను పంపకుండా నానే తప్పు తీగ కోసినాను" అంది.

పిన్ని బతికింది. నెల పట్టింది లేవటానికి. పాలు పూర్తిగా ఎండిపోయాయి, లైనులో ఉన్న ఇంకో ఇద్దరు తల్లులు తలా ఇంత పాలిచ్చి ఆ బిడ్డను బతికించారు. కానీ ఓడత్త పోసే మందు మళ్ళీ ఎవరూ తాగలేదు. విషం పెట్టిందన్నారు, ఆమె ఎదురొస్తే పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్ళు, మా అమ్మ కూడా. కులంబర్ ఆ తిప్పతీగను మొదలంటా నరికించాడు. మంచి తీగను! ఆమె తాగే నీళ్ళు పోసి బతికించుకున్న తీగను! చెట్టుకు వేలాడుతున్న ముక్క ఒకటి నేను దొంగతనంగా తెచ్చి దాచాను. గిర్మిట్ అయ్యాక ఆమె అవతలి దీవిలో లంబాసా వైపు టాబియాకు వెళ్ళిపోయింది. ఓడెక్కితే ఒక్క రోజు ప్రయాణం. ఇవాళ వెళ్దాం, రేపు వెళ్దాం అనుకుంటూ ఉండగానే ఆమె పోయిందని కబురొచ్చింది.

ఆ రోజుల్లో మందు పోసే చెయ్యి ఎవరిదో లైనంతా ఎరిగి ఉండేది, అయినా అంత జరిగింది. ఇప్పుడు నీ సీసా మీద పువ్వు బొమ్మ ఉంది, పచ్చటి ఆకు బొమ్మ ఉంది. లోపలిది ఏ తీగో, కోసినవాళ్ళు గోటితో గీకి చూశారో లేదో, వాళ్ళనూ ఏ కందిరీగైనా కుట్టిందో, ఎవరు చెబుతారు? నువ్వు ఇంకేం మందు మింగుతున్నావని దుకాణంవాడు అడిగాడా? ఓడత్త అడిగేది. రేపు డాక్టరుకు చూపించాకే మూత తియ్యి, నా మీద ఒట్టు.

ఇంకొకటి రాసుకో, ఇది మరీ ముఖ్యం. మన కంచె మీద తీగ ఆనాటి ముక్కదే. లోవలో అందరూ దాన్ని ఆజీ తీగ అంటారు, కోసుకోవటానికి వచ్చి నాకు దణ్ణం పెడతారు, నేను ఇన్నేళ్ళూ కిక్కురుమనకుండా ఆ దణ్ణాలు పుచ్చుకున్నాను. అది నాది కాదని రాయి. ఓడత్త అని కాదు, ఆమెకు అమ్మానాన్నా పెట్టిన పేరుంది, ఆ పేరు పెద్ద అక్షరాలతో రాయి, ఆమె పేరు...

"అత్తా, అన్నం చల్లారిపోతా ఉంది, రోటీ కూడా అయిపోయింది, జల్దీ రండి!"

అదిగో మీ అమ్మ పిలుస్తోంది. వస్తున్నానే! కాగితం మడవకు, ఆమె పేరుకు చోటు వదిలిపెట్టు, తిని వచ్చి చెబుతాను.