రాయి కింద కాగితాలు

మా మేనత్త నిద్రలోనే పోయిందని పోయిన బుధవారం పొద్దున ఫోనొచ్చింది. ధర్మవరంలో కాలేజీ పిల్లలకు సైన్సు గురించి చెప్పాలని బయల్దేరి, పెనుకొండ బస్టాండులో టీ తాగుతున్నాను. గ్లాసు అక్కడే పెట్టి వెనక్కి తిరిగాను.

హిందూపురం దగ్గరి పల్లెలో అత్త పట్టుపురుగులు పెంచేది. నేనేమో బెంగళూరులో, ఆ పురుగులకొచ్చే సున్నకట్టు రోగం మీద పరిశోధన చేసేదాన్ని. ఒక చలికాలం ఆ రోగమే వచ్చి అత్త పంటంతా పోయింది. సుద్దముక్కల్లా బిగుసుకుపోయిన పురుగుల్ని చేటలోకి ఎత్తుతూ అడిగింది: "నీ చదువంతా దీని మీదేనంట గదా పాపా? నాకెందుకు చెప్పలే?" కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అడిగింది.

డాక్టరేటు చేతికొచ్చాక ల్యాబు వదిలేసి, పేపర్లో వారం వారం సైన్సు రాయడం మొదలుపెట్టాను. "ఇంత చదివింది పేపర్లో రాసేదానికా?" అని నాయన ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు. అత్త మాత్రం చదివింది. ఒకరోజు పురుగుల షెడ్డులోకి పోయి చూస్తే నా వ్యాసం తట్టలో పరిచి ఉంది, దాని మీద పురుగులు! నాకు ఒళ్లు మండింది.

"అట్ల చూస్తాండావేమి? అర్థమైంది, పరిచినా. అర్థం కానివి ఆడుండాయి చూడు," అంది.

ఎదురుగా ఇంటి కిటికీలో రాయి కింద నాలుగైదు కాగితాలున్నాయి. మబ్బుల మీద రాసిందీ అక్కడే. "మబ్బులు యాడ కురుస్తాయో రాసినావు. ఈడెందుకు కురవవో రాయలే." నిజమే. మళ్లీ రాశాను. ఏ సంపాదకుడూ నన్ను ఇంత సతాయించలేదు, ఇంత నేర్పనూ లేదు.

సున్నకట్టు గురించి రెండుసార్లు రాస్తే రెండూ రాయి కిందికే పోయాయి. "నీకు తెల్సిందంతా రాస్తాండావు పాపా. పొద్దున్నే లేచి నేనేం చెయ్యాల్నో అది రాయి." మూడోసారి రాసింది అత్త పోవడానికి మూడు రోజుల ముందు, ఆదివారం వచ్చింది. ఎట్లుందని అడగడానికి భయపడి ఫోన్ చేయలేదు. ఆ బాధ ఇంకా ఉంది.

అత్తను మట్టిచేసిన సాయంత్రం కిటికీ దగ్గరికి పోయి రాయి ఎత్తాను. సున్నకట్టు మీద రాసినవి ఆ పాత రెండే ఉన్నాయి. కాళ్లు కడుక్కొని షెడ్డులోకి పోతే, అత్త కోడలు పురుగులకు ఆకేస్తోంది. ఇంట్లో చావైనా వాటికి మేత ఆపలేం కదా.

"ఈ తట్టలో కాగితం నిన్న అత్తే పరిచింది అక్కా," అంది.

ఆకుల సందుల్లోంచి నా వ్యాసం పేరు కనిపించింది. దాని మీదంతా పురుగులు, తెల్లగా, మెత్తగా, కదులుతూ.